ఉత్తరపు గోడ

జూన్ 14

మళ్లీ వచ్చింది.

పడకగది ఉత్తరపు గోడ మీద, బీరువాకి ఎడమపక్కన, నేలకి మూరెడు ఎత్తులో. పోయిన ఏడాది అరచేయంత మొదలైంది. ఈ ఏడాది ఏకంగా పళ్లెమంత. అనుభవం పెరిగింది కదా. నిన్న సాయంత్రం తొలి వాన పడింది, ఇవాళ పొద్దున్నే చెమ్మ హాజరు. మా ఆఫీసులో ఇంత సమయపాలన ఎవరికీ లేదు.

మా ఆవిడ పర్ణా చూసింది. బీరువా కింది అరలోంచి మా అమ్మాయి తితిర్ బట్టలు తీసి పై అరలో పెట్టింది. పై అరలోని నా చొక్కాలు కిందికి దిగాయి. ఈ ఇంట్లో ఎవరి విలువ ఎంతో నాకు తెలియనిది కాదు.

చెట్లా పేటలో ఈ ఇంటి కింది వాటాలోకి వచ్చాక ఇది మూడో వానాకాలం. మొదటి ఏడాది ఇంటి యజమాని పరితోష్‌దా "కొత్త సున్నం బిభాస్, ఆరడానికి టైం పడుతుంది" అన్నాడు. రెండో ఏడాది "ఈసారి వానలు ఎక్కువ" అన్నాడు. ఈ ఏడాది ఏమంటాడో వినాలని కుతూహలంగా ఉంది. రేపు గట్టిగా అడుగుతాను.

ఈ డైరీ మా ప్రచురణ సంస్థవాళ్లు జనవరిలో పంచారు. ఇన్నాళ్లూ వంటింట్లో బియ్యం డబ్బా కింద ఎత్తుగా ఉంది. ఇవాళ్టి నుంచి తేదీలతో సహా అన్నీ ఇందులో రాస్తాను. రేపు వాదనకి పనికొస్తుంది.

జూన్ 15

అడగలేదు. ఆయన బజారు నుంచి బరువు సంచితో వస్తున్నాడు. బరువు మోస్తున్న మనిషిని ఆపి అడగడం మర్యాద కాదు.

జూన్ 17

అడగలేదు. ఏకాదశి. ఉపవాసం ఉన్నవాడితో గొడవా?

జూన్ 21

అడిగాను! అన్న మాటలు అన్నట్టే రాసిపెడుతున్నాను.

"పరితోష్‌దా, ఆ పడకగది గోడ..."

"చెమ్మా?" అన్నాడు, ఊరి నుంచి వచ్చిన చుట్టం బాగోగులు అడిగినట్టు.

"అవును. బూజు కూడా పడుతోంది."

"కిటికీ తీస్తున్నారా?"

"ఉన్నది ఒక్కటే. అది మీ స్కూటర్ షెడ్డులోకి తెరుచుకుంటుంది."

"అదీ సంగతి! మూసుకుని కూర్చుని ముగ్గురూ ఊపిరి పీలుస్తున్నారు. ఊపిరంటే ఏంటి? ఆవిరి. ఆవిరి ఎక్కడికి పోతుంది? గోడలోకి. నా గోడని మీరు తడిపేస్తున్నారు. నేనేమైనా అంటున్నానా?"

ఏమీ అనడం లేదు, నిజమే. నాకు కొంచెం సిగ్గేసింది కూడా. ఇంతలో ఆయన సంచీలోంచి పులస చేప తీసి మొప్పలు విప్పి చూపించాడు. చూశాను. తాజాగానే ఉంది. ఆ మాటే చెప్పాను.

"ఏమన్నాడు?" అంది పర్ణా.

"సానుకూలంగా ఉన్నాడు."

"అంటే?"

"చేప చాలా బాగుంది."

పర్ణా పని చేసేది రక్తపరీక్షల ల్యాబ్‌లో, ముందు కూర్చుని రిపోర్టులు చేతికిస్తుంది. చెడ్డ రిపోర్టు ఇచ్చేటప్పుడు మొహం ఎలా పెట్టుకోవాలో ఆమెకి అలవాటే. ఆ మొహమే నాకు చూపించి వంటింట్లోకి వెళ్లింది.

జూన్ 29

తితిర్ దగ్గు తగ్గలేదు. పదిరోజులైంది. ఇవాళ డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

"ఇంట్లో చెమ్మ ఉందా?"

"కొంచెం," అన్నాను.

"గోడంతా," అంది పర్ణా.

"బూజు ఏ రంగులో ఉంది?"

"నలుపు, ఆకుపచ్చ. అంచుల్లో గులాబీ రంగు కూడా వచ్చింది అంకుల్," అంది తితిర్. దానికి ఎనిమిదేళ్లు. గోడ మీది మరకలకి పేర్లు పెట్టింది. ఒకటి ఏనుగు, ఒకటి వాళ్ల లెక్కల టీచరు.

డాక్టరు పీల్చే మందు రాశాడు. కింద ఇంకో లైను రాసి గీత గీశాడు: 'ఇల్లు మార్చండి, లేదా గోడ మార్చండి.' మందులషాపులో రెండోది దొరకలేదు.

ఆఫీసులో ఇవాళ మూడో తరగతి పాఠ్యపుస్తకం ప్రూఫు వచ్చింది. నేను పుస్తకాల్లో తప్పులు దిద్దే ఉద్యోగిని. పాఠం: మన ఇల్లు. 'మంచి ఇంటిలోకి గాలి, వెలుతురు ధారాళముగా రావలెను. గోడలు పొడిగా ఉండవలెను' తర్వాత ఫుల్‌స్టాప్ లేదు. పెట్టాను. దిద్దడానికి ఇంకేం కనబడలేదు.

జూలై 6

పరితోష్‌దా మంచివాడు. నేనే ఊరికే అనుమానించాను. డాక్టరు చీటీ చూపించగానే ఇవాళ మనిషిని పంపి గోడకి రంగు వేయించాడు. లేత గులాబీ. తడి గోడ మీద రంగు ఎలా నిలుస్తుందని పర్ణా అడిగితే, ఆ రంగులవాడు "నిలవడం నా పని కాదు దీదీ, వేయడం నా పని" అన్నాడు. నిజాయితీపరుడు.

జూలై 13

ఏడు రోజులు నిలిచింది. గులాబీ రంగు పొక్కులు పొక్కులుగా లేచి రాలుతోంది. లోపలి నలుపు ఇప్పుడు గులాబీ మధ్యలో ఇంకా అందంగా కనబడుతోంది.

నా తోలు బెల్టు మీద ఆకుపచ్చ నూగు. బూట్లలో పుట్టగొడుగులాంటిదేదో. పర్ణా పెళ్లి బనారసీ మీద తెల్లటి చుక్కలు. ఆ చీర ఒళ్లో పెట్టుకుని ఆమె మంచం మీద కాసేపు కూర్చుంది. నేను "ఎండలో వేస్తే పోతుందిలే" అన్నాను. ఎండ ఎక్కడుందో చెప్పమంది. ఎండ పై అంతస్తులో ఉంది.

జూలై 19

పరితోష్‌దా మిఠాయి డబ్బాతో మా ఇంటికొచ్చాడు. మూడేళ్లలో మా గుమ్మం దాటడం ఇదే మొదలు. పర్ణా డ్యూటీలో ఉంది.

"బిభాస్, నీ గోడ గురించి ఆలోచిస్తుంటే అన్నం సయించడం లేదు."

"అయ్యో."

"కనిపెట్టేశాను. చెమ్మ పైనుంచే వస్తోంది. మా వదిన స్నానాల గది సరిగ్గా నీ గోడ మీదే ఉంది. ఆవిడ పొద్దస్తమానం నీళ్లు కుమ్మరిస్తూనే ఉంటుంది. మడీ, ఆచారం, తెలుసుగా. నన్నడిగితే కావాలనే పోస్తోంది. నా ఇల్లు కూలిపోవాలని."

"హేమ మాషీమానా?"

"నీకు మాషీమా, పిన్ని వరస. నాకు ముప్పై ఏళ్ల తలనొప్పి. మా అన్నయ్య పోతూ పోతూ 'హేమ ఇక్కడే ఉంటుంది' అన్నాడు. నోటిమాట. కాగితం లేదు. ఇప్పుడు నేను వెళ్లమంటే వీధి వీధంతా నన్నే తిడుతుంది. అదే, అద్దెకుండేవాడు, నలుగురూ గౌరవించేవాడు, కార్పొరేషన్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాడనుకో..."

"నేనా?"

"నీ రాత ముత్యాల్లా ఉంటుంది. రెండు పేరాలు చాలు. ఆవిడ మేనల్లుడి ఇంటికి వెళ్తుంది, అక్కడ హాయిగా ఉంటుంది. తర్వాత ఆ రెండు గదులూ ఎవరికిస్తాననుకున్నావు? దక్షిణం వైపు. పొద్దున్నే మంచం మీదికి ఎండ వస్తుంది. పిల్ల దగ్గు వారంలో మాయం."

నేను ఏమీ ఒప్పుకోలేదు. ఇది స్పష్టంగా రాసిపెట్టుకోవాలి. మూడు సందేశ్‌లు తిన్నాను, అంతే.

జూలై 20

స్వయంగా విచారించకుండా నేను ఏ పనీ చేయను. అందుకని పైకి వెళ్లాను. పంతొమ్మిది మెట్లు.

తితిర్ బడి నుంచి వచ్చాక మేమిద్దరం ఇల్లు చేరేదాకా హేమ మాషీమా దగ్గరే ఉంటుంది. మూడేళ్లుగా. ఆవిడ ఒక్కసారి కూడా దాన్నొక ఉపకారంగా మాట్లాడలేదు. మాకూ అలా అనిపించడం మానేసింది. అరవై ఎనిమిదేళ్లు. కళ్లలో శుక్లాలు. తితిర్‌ని దగ్గర కూర్చోబెట్టుకుని వార్తాపత్రిక చదివించుకుంటుంది.

"రా బిభాస్, ఏంటి పైకొచ్చావు? పిల్లకి బాగాలేదా?"

"లేదు మాషీమా, ఊరికే. చేతులు కడుక్కుందామని."

"కింద నీళ్లు రావడం లేదా?"

"వస్తున్నాయి. మీ నీళ్లు ఎలా ఉన్నాయో అని."

ఆవిడ నన్నొకసారి చూసి స్నానాల గది చూపించింది. నేల పొడిగా ఉంది. మూలలు పొడిగా ఉన్నాయి. ఒక బకెట్టు, ఒక చెంబు. చెంబు బోర్లించి ఉంది. గోడకి చెయ్యి ఆనించి చూశాను, అదీ పొడిగానే ఉంది. మా గోడ కంటే ఇది చాలా చదువుకున్న గోడ.

తర్వాత మరమరాలు, ఉల్లిపాయ, ఆవనూనె కలిపి పెట్టింది. తిన్నాను. అయినా నేను చూసినది పదినిమిషాలు. మిగతా ఇరవైమూడు గంటల యాభై నిమిషాలు ఆవిడ ఏం చేస్తుందో నాకేం తెలుసు?

జూలై 23

తితిర్ మెట్లెక్కితే ఆయాసపడుతోంది. పై గదుల్లో ఉంటే రోజూ ఎక్కాల్సిందే అనే ఆలోచన వచ్చింది. వెంటనే పోయింది.

రాశాను.

'మా గది పైనున్న స్నానాల గది నుండి అవసరానికి మించి, ఉద్దేశపూర్వకంగా నీరు పోయుట వలన గోడ పాడై, నా కుమార్తె ఆరోగ్యము క్షీణించుచున్నది. తగు చర్య తీసుకొనగలరు.' ఒక్క అక్షరదోషం లేదు. 'ఉద్దేశపూర్వకంగా' అన్న మాట పరితోష్‌దా పెట్టమన్నాడు. నేను 'బహుశా' అని ముందు చేర్చాను. ఆయన కొట్టేయమన్నాడు. బరువు తగ్గుతుందట. సంపాదకుడిగా ఆయన సూచన సరైనదే.

పర్ణాకి చెప్పలేదు. తలనొప్పితో ఉంది.

జూలై 24

పరితోష్‌దా చేతికి ఇచ్చేశాను. వార్డు ఆఫీసులో తనే ఇస్తానన్నాడు. మంచి ఉత్తరం.

జూలై 25

పర్ణాకి తలనొప్పి తగ్గింది. వేరే పనులున్నాయి.

ఆగస్టు 1

చేతిలో ఫైలు పట్టుకుని ఒక మనిషి వచ్చాడు. కార్పొరేషన్ నుంచి విచారణకి, అని పరితోష్‌దా అన్నాడు. ఆ మనిషి పైకి వెళ్లి నాలుగు నిమిషాల్లో దిగాడు. "విచారణ తేలేదాకా పైకి నీళ్లు ఆపేయాలి" అని ప్రకటించి పరితోష్‌దా పై అంతస్తు గొట్టం వాల్వు కట్టేశాడు. దానికి తాళం కూడా వేశాడు.

సాయంత్రం నేను వచ్చేసరికి హేమ మాషీమా వాకిట్లో కుళాయి దగ్గర బకెట్టు నింపుకుంటోంది. సగం నింపి, రెండేసి మెట్లకొకసారి ఆగుతూ ఎక్కుతోంది. వెనకాల తితిర్ ఒక మగ్గు నిండా నీళ్లు రెండు చేతులా పట్టుకుని, ఒలకకుండా, నాలుక బయటపెట్టి ఎక్కుతోంది.

నేను గేటు దగ్గర ఆగిపోయాను. చెప్పులో రాయి పడినట్టుంది. తీశాను. చాలాసేపు పట్టింది.

ఆగస్టు 3

పర్ణా అగ్గిమీద గుగ్గిలంలా ఉంది.

"ఎవరో రాసిచ్చారట! అద్దెకుండేవాళ్లలో ఎవరో! ఈ ఇంట్లో అద్దెకుండేది ఎవరు? మనం, ముందుగదిలో నంటూ."

నంటూ టైలరు. ముందుగదిలో అతని షాపు.

"అంటే నంటూనే," అంది.

నేను అవుననలేదు. కాదనీ అనలేదు. అప్పుడే అన్నం నోట్లో పెట్టుకున్నాను. నోట్లో అన్నంతో మాట్లాడకూడదని తితిర్‌కి చెప్పేది నేనే.

పర్ణా సాయంత్రం వెళ్లి కుట్టడానికిచ్చిన రెండు జాకెట్టు గుడ్డలూ వెనక్కి తెచ్చేసింది. నంటూ గుమ్మంలో టేపు మెడలో వేసుకుని నిలబడి, "నా కుట్టు బాలేదా బౌదీ?" అని అడుగుతూనే ఉన్నాడట.

ఆగస్టు 9

చెమ్మ అంచున నేను ప్రతి ఆదివారం పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేస్తున్నాను. పైన నీళ్లు ఆపి ఎనిమిది రోజులు. శాస్త్రప్రకారం గీత కిందికి దిగాలి.

నాలుగు వేళ్లు పైకెక్కింది.

గోడలో నిల్వ ఉన్న పాత నీళ్లు అయివుంటాయి. గోడలకి కొంత జ్ఞాపకశక్తి ఉంటుందేమో. నేను ఇంజనీరును కాను.

ఆగస్టు 12

ఇవాళ తితిర్ హోంవర్క్ ముందు పెట్టుకుని, నా వైపు చూడకుండా అడిగింది.

"బాబా, నీ ఉత్తరంలో ఒక తప్పుంది."

"ఏ ఉత్తరం?"

"పరితోష్ జేఠు మాషీమాకి ఒక కాగితం ఇచ్చాడు. ఆవిడకి కనబడదు కదా, నన్ను చదవమంది. నీ రాత. 'క' కింద నువ్వు తోక లాగుతావు కదా, అలాగే ఉంది."

"మొత్తం చదివావా?"

"గట్టిగా చదివాను. మాషీమా వింది. 'ఉద్దేశపూర్వకంగా' అంటే ఏంటని అడిగితే 'కావాలని' అని చెప్పింది. కానీ మాషీమా కావాలని నీళ్లు పోయలేదు కదా బాబా. అంటే అది తప్పు కదా. ఎర్ర పెన్నుతో దిద్దాలా?"

నేను ఏమన్నానో రాయను.

"మాషీమా ఏమంది?" అని మాత్రం అడిగాను.

"నేను బాగా చదివానంది. అమ్మకి చెప్పొద్దంది. మరమరాలు పెట్టింది."

ఆగస్టు 13

నిన్నటిది అంత పెద్ద విషయం కాదు. పిల్లలు మర్చిపోతారు.

ఆగస్టు 14

తితిర్ మర్చిపోలేదు. నా ఎర్ర పెన్ను నా బల్ల మీద, మూత తీసి పెట్టి ఉంది.

ఆగస్టు 18

సాయంత్రం నాలుగింటికి పర్ణా ఫోను. ఆసుపత్రికి రమ్మంది.

ఆగస్టు 19

ఇప్పుడు బాగానే ఉంది. ముక్కుకి మాస్కు పెట్టారు, గుండె మీద చెయ్యి పెట్టి చూస్తే లోపల పిల్లికూతలు తగ్గాయి. రేపు పంపిస్తామన్నారు.

జరిగింది ఇది. బడి నుంచి వచ్చి పడకగదిలో బూట్లు మార్చుకుంటుండగా ఊపిరి అందలేదు. పీల్చే మందు అయిపోయింది. పైకి వెళ్లాల్సిన పిల్ల రాలేదని హేమ మాషీమా చూడటానికి దిగింది. బకెట్టు మెట్ల మీదే వదిలేసింది. తితిర్ పెదాలు నీలంగా ఉండటం ఆ శుక్లాల కళ్లకి కనబడింది. వీధిలోకి వెళ్లి అరిచింది. నంటూ మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి, పిల్లని భుజాన వేసుకుని పరిగెత్తాడు. ఆటో దొరికేదాకా పెద్దరోడ్డు వరకూ పరుగే.

నేను వెళ్లేసరికి నంటూ వార్డు బయట బెంచీ మీద ఉన్నాడు. చొక్కాకి ఇంకా గుండుసూదులు గుచ్చి ఉన్నాయి.

"నంటూ, నీకెలా..." అన్నాను.

"దానికేం దాదా. బౌదీ జాకెట్లు ఎందుకు తీసుకుపోయిందో అది చెప్పండి చాలు. నాలుగు రోజులు ఆలోచించాను. నడుము దగ్గర వదులైందా?"

"ఆ ఉత్తరం నువ్వు రాశావనుకుంది."

అతను కాసేపు నవ్వాడు.

"పరితోష్‌దా నన్నే అడిగాడు మొదట. పైగదులు ఇస్తానన్నాడు, షాపు పెద్దది చేసుకోమన్నాడు. నాకు కొలతలు రాయడం తప్ప ఇంకేం రాదు దాదా అని చెప్పి తప్పించుకున్నా. హేమ మాషీమా మీద ఎవడు రాస్తాడండీ అలాంటిది?"

ఎవడు రాస్తాడో అతనికి నిజంగా తెలియదు. టీ తెస్తానని లేచి వెళ్లాను.

ఆగస్టు 20

పర్ణా నన్ను అడగలేదు, పరితోష్‌దానీ అడగలేదు. తన ల్యాబ్‌లో కుళాయిలు బాగుచేసే గోలక్‌ని తీసుకొచ్చింది. ఒడిశా మనిషి, యాభై దాటినవాడు. గోడని వేలి కణుపులతో కొడుతూ, చెవి ఆనిస్తూ, డాక్టరు తితిర్ వీపుని చూసినంత శ్రద్ధగా చూశాడు. తర్వాత ఉలి పెట్టి రెండు దెబ్బలు కొట్టాడు. గులాబీ రంగు, సున్నం, ఇటుక పొడి కలిసి కారాయి. లోపల ఒక ఇనుపగొట్టం. తుప్పుపట్టి, నిలువునా చీలి ఉంది.

"ఇది పైనుంచి కాదు దీదీ. డాబా మీది వాననీళ్ల గొట్టం. ముందుగోడకి టైల్స్ వేయించినప్పుడు అందం పోతుందని దీన్ని గోడలో పూడ్పించేశాడు. పడిన ప్రతి వానా మీ గోడలోకే దిగుతోంది."

"ఇంటాయనకి తెలుసా?"

"తెలియకేం? మూడేళ్ల కింద మీకంటే ముందున్నవాళ్లు నన్నే పిలిపించారు. ఆయనకే చెప్పాను. 'ఆ, చూద్దాం గోలక్' అన్నాడు. చూస్తున్నట్టున్నాడు ఇంకా."

పర్ణా నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "మరి మాషీమా నీళ్లెందుకు ఆపించారు? ఎవడు రాశాడో వాడికి కళ్లు లేవా? ఒక్కసారి పైకెళ్లి చూస్తే తెలిసేది కదా?" అంది.

చూశాడు, అని రాయాలి ఇక్కడ. పైకెళ్లి చూశాడు. చెయ్యి పెట్టి చూశాడు. మరమరాలు తిన్నాడు. దిగొచ్చి రాశాడు.

ఆగస్టు 21

పర్ణాకి చెప్పాను.

తలనొప్పి లేదు, నోట్లో అన్నం లేదు, చెప్పులో రాయి లేదు. మొత్తం చెప్పాను. ఆమె బట్టలు మడతపెడుతూ వింది. అయిపోయాక నా చొక్కా ఒకటి చేతిలో ఉంటే దాన్ని మడతపెట్టకుండా పక్కన పెట్టింది.

"నువ్వు భయస్థుడివని తెలిసే పెళ్లి చేసుకున్నాను," అంది. "భయస్థులు ఎవరికీ హాని చేయరనుకున్నాను. అది నా తప్పు."



ఆగస్టు 22

సెలవు పెట్టి వార్డు ఆఫీసుకి వెళ్లాను. 'నా పూర్వపు ఫిర్యాదు అసత్యము, దానిని ఉపసంహరించుకొనుచున్నాను' అని రాసుకుని వెళ్లాను. అక్కడి గుమాస్తా రిజిస్టరు రెండుసార్లు తిరగేశాడు.

"ఏ ఫిర్యాదు? మీ పేరు మీద ఏమీ రాలేదే."

"ఒకటో తారీఖున మీవాళ్లు విచారణకి కూడా వచ్చారు."

"మావాళ్లా? ఒకటో తారీఖున మావాళ్లందరూ దోమల మందు కొట్టడానికి పోయారు. మీరు రాయని ఫిర్యాదుని మేమెలా వెనక్కి ఇస్తామండీ?"

అంటే ఆ కాగితం ఎక్కడికీ వెళ్లలేదు. ఆ ఫైలు మనిషి ఎవడో పరితోష్‌దాకే తెలియాలి. ప్రభుత్వానికి రాశాననుకున్నాను. ఒక ముసలావిడ చేతిలో పెట్టి, ఎనిమిదేళ్ల పిల్లతో చదివించి, బెదిరించడానికి రాశాను. నా ఉత్తరానికి పాఠకులు ఇద్దరే. ఇద్దరికీ నేను బాగా తెలుసు.

వెనక్కి తీసుకోవాల్సిన చోటు ఇక ఒకటే ఉంది.

ఆగస్టు 23

ఆదివారం. పొద్దున పది. పరితోష్‌దా వాకిట్లో పేపరు చదువుతున్నాడు. నంటూ షాపు ముందు నలుగురైదుగురు ఉన్నారు, పండగ కుట్టు మొదలైంది. హేమ మాషీమా కుళాయి దగ్గర ఉంది.

"ఆ వాల్వు తాళం తీయండి," అన్నాను.

"విచారణ..."

"విచారణ లేదు. ఫిర్యాదు లేదు. వార్డు ఆఫీసుకి వెళ్లొచ్చాను." నా గొంతు అంత పెద్దగా వస్తుందని నాకే తెలియదు. మిషన్లు ఆగిపోయాయి. "ఆ ఉత్తరం నేను రాశాను. నంటూ కాదు, నేను. అందులో ఉన్నది అబద్ధం. మాషీమా స్నానాల గది పొడిగా ఉందని చూసి కూడా రాశాను. పైగదులిస్తానంటే రాశాను. చెమ్మ మీ వాననీళ్ల గొట్టానిది. మీకు మూడేళ్లుగా తెలుసు."

"బిభాస్, మెల్లగా. నలుగురూ వింటున్నారు."

"వినాలనే."

"అయితే ఇల్లు ఖాళీ చేయి! ఈ నెలాఖరుకి!"

"చేస్తాను. గొట్టం మార్చాక. నా తర్వాత వచ్చేవాళ్లకి కూడా పిల్లలుంటారు."

నంటూ కళ్లు చిట్లించి నన్నే చూస్తున్నాడు. నేను అతని వైపు చూడలేకపోయాను. ఈలోగా గోలక్ (పర్ణా ముందే చెప్పి పిలిపించి ఉంచిందట) పెద్ద ఇనుప కట్టరుతో వచ్చి తాళం రెండు ముక్కలు చేశాడు. అంతా పది నిమిషాల పని. ఇరవైమూడు రోజులు పట్టిన పది నిమిషాలు.

నేను మాషీమా దగ్గరికెళ్లి బకెట్టు తీసుకోబోయాను. వదల్లేదు.

"నువ్వు రాశావని ఆ రోజే తెలుసు నాకు."

"మరి పిల్లని ఎలా రానిచ్చారు మాషీమా?"

"పిల్ల ఏం రాసింది?" అంది.

క్షమించమని అడిగాను. చెవి సరిగా వినబడనట్టు మొహం పెట్టి, "నీళ్లు బరువుగా ఉన్నాయి, పక్కకి తప్పుకో" అని ఎక్కిపోయింది. ఆవిడకి చెవులు బాగానే వినబడతాయి.

ఆగస్టు 27

వెదురు కర్రలు వచ్చాయి. తాపీవాళ్లు వచ్చారు. ఎప్పటినుంచో తనే గొట్టం మార్పిద్దామనుకుంటున్నానని, అద్దెకున్నవాళ్లే ఒప్పుకోలేదని పరితోష్‌దా వీధంతా చెప్పుకుంటున్నాడు. టీకొట్టు దగ్గర ఎవరో "గోడకి ఊపిరి ఎక్కువైందా దాదా?" అని అడిగారట. నెలాఖరు గడువు దుర్గాపూజ తర్వాతికి, అక్కణ్నుంచి జనవరికి జరిగింది. జనవరిలో బెహాలాలో మూడో అంతస్తు ఒకటి ఖాళీ అవుతుంది. పర్ణా చూసొచ్చింది. గోడలకి చెంప ఆనించి చూసిందట. చాలా చిన్నదట, పొడిగా ఉందట.

నంటూ దగ్గరికి వెళ్లాను. జాకెట్టు గుడ్డలు తీసుకున్నాడు. నా వైపు చూడకుండా, "మీ చొక్కాలు మాత్రం ఇంకెక్కడైనా ఇవ్వండి దాదా" అన్నాడు. సరే అన్నాను.

సెప్టెంబరు 2

కొత్త గొట్టం పడింది. గోడ ఇంకా తెరిచే ఉంది. పూర్తిగా ఆరడానికి రెండు నెలలంటున్నాడు గోలక్. ఆరకముందు పూతపూస్తే మళ్లీ మొదటికొస్తుందట. ఆ రెండు నెలలూ పిల్ల ఈ గదిలో పడుకోకూడదని డాక్టరు.

సాయంత్రం హేమ మాషీమా మెట్ల పైనుంచి పిలిచింది.

"పర్ణా, నువ్వూ పిల్లా పైకి రండి. ఒక గది ఖాళీగానే ఉంది. పరుపు తెచ్చుకోండి."

పర్ణా పరుపు చుట్టింది. నేను దిండ్లు పట్టుకుని వెనకాలే ఎక్కాను. పంతొమ్మిదో మెట్టు దగ్గర మాషీమా దిండ్లు లెక్కపెట్టింది. మూడు. ఒకటి తీసి నా చేతికి తిరిగిచ్చింది.

"నువ్వు కింద. గోడ తెరిచి ఉంది కదా, ఎవరో ఒకరు చూసుకోవాలి."

పర్ణా నవ్వాపుకోవడం చూశాను. పన్నెండు రోజుల తర్వాత. దిండు పట్టుకుని దిగాను.

సెప్టెంబరు 9

తితిర్ వారంగా దగ్గలేదు. పీల్చే మందు రోజుకొకసారికి తగ్గించారు. పొద్దున్నే ఎండ మంచం మీదికి వస్తుందని, దాన్ని తప్పించుకోవడానికి మాషీమా వైపు దొర్లుతానని చెప్పింది.

నేను గోడతో ఉన్నాను. ఇటుకలు, సిమెంటు, తడి వాసన. బాగానే అలవాటైంది. బెల్టు మీది నూగు తుడిచాను, మళ్లీ వచ్చింది.

ఇవాళ పొద్దున తితిర్ బడి బట్టల్లో దిగొచ్చింది. చేతిలో గిన్నె, గిన్నెలో పూరీల్లాంటి వేడి లూచీలు, పైన మూత.

"మాషీమా అడగమంది. రాత్రి నువ్వు దగ్గావా అని."

"లేదని చెప్పు," అన్నాను.

అది తలూపి మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఆయాసం లేకుండా, రెండేసి మెట్లు ఒకేసారి. నేను మెట్ల దగ్గరికి వెళ్లి పిలిచాను.

"తితిర్. దగ్గానని చెప్పు. రెండుసార్లు."

అది పైనుంచి వంగి చూసింది. "రెండా మూడా?"

"మూడు," అన్నాను.